ఎవరూ పోలేదు

ఆ రోజుల్లో ఎవరైనా పెద్ద నాయకుడు పోతే రేడియోలో ముందుగా పాటలు ఆగిపోయేవి. వీణో వయొలినో గంటల తరబడి సాగేది, వార్త తర్వాతెప్పుడో వచ్చేది. మా చిత్తూరు జిల్లా జనం ఆ సంగీతం వినపడగానే షట్టర్లు దించి, రేపటికి పాలు తెచ్చుకుని, ఆ తర్వాత ఎవరు పోయారని అడిగేవారు. ఈ సంగతి పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి, తిరుపతిలో ఒక రేడియో స్టేషన్‌లో తాత్కాలిక అనౌన్సర్‌గా చేరాక ఎలా మరిచిపోయానో తెలియదు.

పురుగుమందుల ప్రకటనలు చదివి చదివి విసిగిపోయి, మా ఇన్‌ఛార్జి వెంటపడి, సాయంత్రం ఒక అరగంట సంపాదించాను. (ఆయన్ని వెనకాల గడియారం సారు అనేవాళ్ళం. మనిషితో మాట్లాడుతూ గోడకేసి చూసేవారు.) "జనం వింటే ప్రతివారం నీదే. లేదంటే మందులే" అన్నారు. చెన్నై నుంచి తెప్పించుకున్న, యాంబియంట్ అనే ఎలక్ట్రానిక్ సంగీతం పెట్టాను. తాళం లేదు. ఒకే స్వరం మెల్లగా పరుచుకుంటూ పోతుంది, మంచు అవతలినుంచి ఎవరో ఆడమనిషి మాటలు అర్థం కాకుండా పాడుతుంది. పరిచయం రెండు పేజీలు రాసుకున్నాను గానీ, సంగీతమే ముందు మాట్లాడాలని ఏమీ చెప్పకుండా మొదలుపెట్టాను. కుర్చీలో కుదురుగా కూర్చోలేక లేచి తిరుగుతుంటే ఫోన్ మోగింది.

"ఎవురప్పా పోయినారు?" పలమనేరు నుంచి ఒక టీ అంగడాయన. ఎవరూ లేరన్నాను. "సెప్పకూడదా? సరేలే, అంగడి మూసేస్తా." పెట్టేశాడు. తర్వాత నగరిలో ఒక పెళ్ళి రిసెప్షన్ నుంచి: "బ్యాండోళ్ళను ఆపేసినాం సామీ. మళ్ళా వాయించమనేదా, వద్దా?" అంతలో సారు తలుపు తోసుకుని వచ్చారు. "యాడ తెచ్చినావబ్బా ఈ ఏడుపు? బజారంతా మూస్తా ఉండారు!" "ఏడుపు కాదు సార్, యాంబియంట్." "ఆ మాట వాళ్ళకు సెప్పు, పో." మైకు తెరిచి, రాసుకున్న రెండు పేజీలూ పక్కన పెట్టి, "శ్రోతలకు మనవి. ఎవరూ పోలేదు" అన్నాను. సారు చెయ్యి ప్లేయర్ మీద ఉండగా మళ్ళీ ఫోన్. ఈసారి ఆయనే స్పీకర్‌లో పెట్టారు. ఒక ముసలామె. "ఎవురూ పోలేదంటివే నాయనా. మా ఇంటాయన పోయి వారం గూడా కాలేదు. ఆయనకే ఏస్తా ఉండారనుకోని కూసున్నా. ఇంగొంచేపు ఉండనీ." సారు చెయ్యి తీసేశారు. చివరిదాకా నిలబడే విన్నారు, గోడకేసి చూడకుండా.

మరుసటి వారం నాకు మందులే ఇచ్చారు. నా కార్యక్రమానికి ఉన్నది ఒక్కరే శ్రోత అని చాలా ఏళ్ళు చెప్పి నవ్వించేవాణ్ణి. మా ఆవిడ పోయాక ఇప్పుడు ఆ కథ చెబుతుంటే, అరగంట పోయిందని అలిపిరి దాకా నడిచి అలిగి కూర్చున్న ఆనాటి కుర్ర అనౌన్సర్ని, ఇంకెంతమంది కావాలిరా నీకు, అని అడగాలనిపిస్తుంది.