కాటా గది నిమ్మకాయ

ఆ కత్తికి మూడు మెట్లు. మొదట చేతికొచ్చేది తుప్పు పట్టిన ఇనప ముక్క, దాంతో అడవిపంది కూడా చావదు. ఊళ్ళో కమ్మరి దగ్గరికి పోతే, ముడి ఇనుము తెచ్చివ్వు, కొత్త అంచు వేసిస్తానంటాడు. ఆ ఇనుము అంగట్లో దొరకదు. ఊరివాళ్ళకు చిల్లర పనులు చేసిపెడితే ఒక్కొక్కరు ఒక్కో ముక్క ఇస్తారు. ఒకామె పోగొట్టుకున్న కాలిపట్టీ వెతికిపెట్టాలి. ఏరు దాటించే పడవవాడికి మందాకు కోసుకురావాలి. అసలు కథకు ఈ పనులతో సంబంధమే లేదు. కొండ మీద రాక్షసుడు రాజకుమార్తెను ఎత్తుకుపోయి కూర్చున్నాడు, ఊరంతా గగ్గోలు పెడుతోంది, నేనేమో కాలిపట్టీ కోసం బావి చుట్టూ తిరుగుతుండేవాణ్ణి. నాకు అదే ఇష్టం. రాక్షసుణ్ణి చంపడం కంటే కత్తి మెరుగవుతుంటే చూసుకోవడమే బాగుండేది.

ఇదంతా కంప్యూటర్ ఆట. ఆడిన నాకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు, డిగ్రీ అయింది, ఉద్యోగం చేస్తున్నాను. చిన్నతనం అని చెప్పి తప్పించుకునే దారి లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చేరాను. మా ఇల్లు తిరుచానూరులో. కంప్యూటర్ కోర్సు చేసినందుకు దొరికిన ఉద్యోగమని నాయన వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్పేవాడు. "మావాడు కంప్యూటర్ మింద ఉండాడప్పా" అనేవాడు, నేను దాని మీదెక్కి కూర్చున్నట్టు.

పని పెద్దదేం కాదు. తోతాపురి కాయల కాలంలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్లు వచ్చి గేటు బయట రోడ్డు వెంబడి బారుగా నిలబడేవి. గేటు దగ్గర టోకెన్ ఇస్తారు. వంతు వచ్చినప్పుడు బండి కాటా మీదికెక్కుతుంది. పక్కనే గదిలో కూర్చున్న నేను బరువు కంప్యూటర్‌లోకి ఎక్కించి చీటీ తీసి ఇవ్వాలి. ఆ చీటీ చూపిస్తేనే లోపల కాయలు దించుకుంటారు. మధ్యాహ్నం మూడు దాటితే ఆ రోజుకు దింపడం ఆపేసేవారు. మూడు లోపల చీటీ పడని బండి మర్నాటి దాకా ఎండలో నిలబడాల్సిందే.

కాటా మీద ఒక బండికీ ఇంకో బండికీ మధ్య కొంత ఖాళీ దొరికేది. ఆ ఖాళీలోకి ఆట వచ్చింది. తిరుపతిలో ఒక స్నేహితుడి దగ్గర సీడీ తెచ్చి రహస్యంగా ఎక్కించుకున్నాను. ఇబ్బంది ఒక్కటే. ఆ పాత కంప్యూటర్ కాటా లెక్కనూ ఆటనూ ఒకేసారి మోయలేదు. ఆట తెరవాలంటే కాటా మూసేయాలి, కాటా తెరవాలంటే ఆట మూసేయాలి. ఆటలో అంతవరకు చేసింది నిలుపుకోవాలంటే ఊరి మధ్యలో ఉండే దీపస్తంభం దగ్గరికి వెళ్ళాలి. అక్కడికి చేరకముందే మూసేస్తే పడిన పాట్లన్నీ గంగలో కలిసినట్టే.

ఆ రోజు నేను ఒక ముసలమ్మ ఆవులు తోలుతున్నాను. ఆఖరి ముడి ఇనుము ఆమె దగ్గరే ఉంది. అడవిలో చెదిరిపోయిన మూడావులను కొట్టం దాకా తోలుకొస్తే ఇస్తుంది. వినడానికి తేలిక. కాసేపు వదిలితే చాలు, తలా ఒక దిక్కు పోతాయి. అప్పటికి నాలుగు సార్లు తప్పిపోయి, ఐదోసారి మూడింటినీ వాగు దాటించాను. కొట్టం కప్పు కనబడుతోంది. అప్పుడు కాటా మీదికి బండెక్కిన చప్పుడైంది.

గడియారం చూశాను. రెండున్నర కూడా కాలేదు. బోలెడు టైముందిలే అనుకున్నాను. అంతలోనే కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చి టోకెన్ లోపలికి చాపాడు. అరవై దాటి ఉంటాయి, తలకు తుండుగుడ్డ, చొక్కాకు మామిడి జీడి మరకలు.

"సారూ, పూతలపట్టు కాడ్నించి వచ్చినాను. రెండు దినాలు రోడ్డు మింద్నే ఉండాను. ఎండకు కాయ మెత్తబడతా ఉండాది. రవ్వంత బిరీన చీటీ ఇచ్చేస్తే నీకు పున్నెం ఉంటాది."

నేను గబుక్కున కంప్యూటర్ తెర మీట నొక్కాను. తెర నల్లబడింది. లోపల ఆట నడుస్తూనే ఉంది.

"మిషన్ పని చెయ్యడం లేదు పెద్దాయనా. కొంచెం ఉండు."

ఈ అబద్ధం ఆడడానికి క్షణం కూడా ఆలోచించలేదు. ఇప్పటికీ నన్ను పొడిచేది అదే. వెనకా ముందూ చూసుకుని, గొంతు తడారి, తడబడి చెప్పి ఉంటే కాస్త మనిషినని సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కిటికీలోంచి ఆ నల్లటి తెర వైపు, జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

"అయ్యో. పొద్దున్నించీ ఎంతమంది కండ్లు పడిండాయో దాని మింద. ఇంతమంది బండ్లు ఆపుకోని దాన్నే సూస్తా ఉంటే తగలకుండా ఉంటాదా? దిష్టి తగిలిండాది అప్పా."

నేను ఏదో అనబోయేలోపే ట్రాక్టర్ దగ్గరికి పోయాడు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో పచ్చటి నిమ్మకాయ, చిన్న కుంకుమ పొట్లం, తమలపాకు, కర్పూరం బిళ్ళ. మా వైపు లోడు బయలుదేరేటప్పుడు, గేటు దాటేటప్పుడు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించడం మామూలే.

"ఇది మా ఇంటామె ఇచ్చి పంపించింది. లోడు లోపలికి పొయ్యేటప్పుడు టైరు కింద పెట్టమన్నింది. దీనికే పెడదాంలే. ఇది బాగైతే కదా నా బండి లోపలికి పొయ్యేది."

కాదనడానికి నాకు కారణం కావాలి. కారణం చెబితే నిజం చెప్పాలి. తలుపు తీశాను. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. మేనేజర్ కూడా చెప్పులు విడవని గది అది. నిమ్మకాయను ఆ నల్లటి తెర చుట్టూ మూడుసార్లు ఇటు, మూడుసార్లు అటు తిప్పాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి రెండు చెక్కలుగా కోసి, కుంకుమ అద్ది, గుమ్మానికి అటొకటి ఇటొకటి పెట్టాడు. కర్పూరం తమలపాకు మీద వెలిగించి చూపించాడు. నన్ను కళ్ళకద్దుకోమన్నాడు. అద్దుకున్నాను. ఆ తెర వెనక నా ఆవులు చెదిరిపోతున్నాయేమోనని ఆ నిమిషంలో కూడా నాకు బెంగగానే ఉంది.

"ఇప్పుడు పెట్టి సూడప్పా."

అప్పుడు ఒక్క పని చేస్తే సరిపోయేది. ఆయన్ని బయటికి పంపి, ఆట మూసేసి, చీటీ తీసి ఇచ్చి, నిమ్మకాయ భలే పనిచేసిందని చెప్పి ఉండవచ్చు. ఆయన సంతోషంగా పోయేవాడు. నా అబద్ధం కూడా గుట్టుగా ఉండిపోయేది.

"వెంటనే కాదు పెద్దాయనా. కాసేపు చల్లబడాలి," అన్నాను.

"సరేలేప్పా, చల్లబడనీ. ఆత్రపడితే మళ్ళా చెడిపోతాది," అని ఆయన పోయి బండి నీడలో గొంతుకూర్చున్నాడు.

తెర వెలిగించాను. రెండావులు అక్కడే మేస్తున్నాయి. మూడోది వాగు అవతలికి వెళ్ళిపోయింది. దాన్ని పట్టుకుని, మళ్ళీ దాటించి, కొట్టంలోకి తోలి, ముసలమ్మ దగ్గర ఇనుము తీసుకుని, కమ్మరి దగ్గరికి పరుగెత్తి, దీపస్తంభం ముట్టుకున్నాను. కత్తి మూడో మెట్టెక్కింది. అంచు మీద నీలం మెరుపు. చాలా అందంగా ఉంది. ఆనందంతో కుర్చీలో వెనక్కి వాలి, ఆ తర్వాతే గడియారం వైపు చూశాను.

మూడు దాటి పది నిమిషాలు.

చీటీ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని లోపలికి పరుగెత్తాడు, అంతే వేగంగా తిరిగి వచ్చాడు. దింపడం ఆపేశారట. రేపు రమ్మన్నారట. నా మీద కోపం వచ్చి ఉంటుందని కిటికీ వైపు చూడలేదు.

"నువ్వేం జేస్తావులే అప్పా. మిషన్‌కు తగిలితే మడిసి ఏం జేస్తాడు?" అన్న మాట మాత్రం వినిపించింది.

మర్నాడు ఎండ మరీ మండింది. పొద్దున్నే ఆయన బండి లోపలికి పోయింది. కాయ చూసే సూపర్వైజర్ పైనున్న నాలుగు కాయలు నొక్కి, అడుగున చెయ్యి పెట్టి చూసి, మెత్తబడింది పనికిరాదని తిప్పి పంపాడు. ఇలా తిరిగొచ్చిన కాయలను రోడ్డు పక్కనే పారబోయడం ఆ కాలంలో రోజూ చూసేదే. ఆవులు వచ్చి తినేవి. నిజం ఆవులు. ఆయన ఒక్కడే ట్రాలీ తలుపు దించి, పారతో కాయలు కిందికి లాగుతుంటే కిటికీలోంచి చూశాను. వెళ్ళి సాయం చేయలేదు. మొఖం చెల్లలేదు అని రాస్తే బాగుంటుంది కానీ, పని వదిలి ఎలా పోతానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. పని మీద అంత శ్రద్ధ ఆ ఒక్కరోజే పుట్టుకొచ్చింది.

ఖాళీ బండితో పోతూ ఆయన మళ్ళీ కిటికీ దగ్గర ఆగాడు.

"ఈపొద్దు మిషన్ బాగుండాదా అప్పా?"

"బాగుంది."

"సాల్లే. మిగతావోళ్ళకన్నా ఇబ్బంది లేకుండా ఉంటాది."

ఆ రోజుతో ఆట మానేశానని రాయాలని చాలా ఉంది. మానలేదు. మూడు రోజులు ముట్టుకోలేదు, నాలుగో రోజు మళ్ళీ తెరిచాను. ఆ కత్తితోనే కొండెక్కి రాక్షసుణ్ణి చంపాను. రెండు దెబ్బలకే చచ్చాడు. గుమ్మం దగ్గర నిమ్మ చెక్కలు అప్పటికి ఎండి ముడుచుకుపోయాయి. ఊడ్చే ఆమె తీయబోతే, ఉండనీ, మంచిదే అని మేనేజరే ఆపాడు. రోజూ వాటి మధ్య నుంచే లోపలికి పోయేవాణ్ణి.

మరుసటి సంవత్సరం కాయల కాలంలో ఆయన మళ్ళీ వచ్చాడు. నేను గుర్తుపట్టేలోపే ఆయనే నవ్వి, టోకెన్‌తో పాటు ఒక నిమ్మకాయ కిటికీలో పెట్టాడు.

"మిషన్‌కు. ముందే దిష్టి తీసేస్తే మంచిది."

"బండికి పెట్టుకో పెద్దాయనా," అన్నాను.

"ఒకటే తెచ్చినాను అప్పా. బండికేం గావాల? నీ మిషన్ బాగుంటే సాలు, నా బండి దానంతటదే లోపలికి పోతాది."

చెప్పేద్దామని నోరు తెరిచాను. వెనక బండి హారన్ కొట్టింది. నేను టోకెన్ నంబరు చదివి, బరువు ఎక్కించి, చీటీ ఇచ్చాను. నిమిషం కూడా పట్టలేదు.

"సూసినావా, ఎంత బిరీన వచ్చిందో," అని ఆయన ఆ తెరకు దండం పెట్టి పోయాడు.