జెండా కట్టిన జాకీ రాడ్డు

రంచువన్ చేతిలోని జెండా కట్టింది కర్రకు కాదు, టుక్‌టుక్ ఆటో జాకీ రాడ్డుకు. దాని కొసకు పసుపు గుడ్డ కట్టి, విదేశీయులను వెంటేసుకుని బ్యాంకాక్ అంతా తిరుగుతుంది. ఆమె గైడు, నేను ఆమె వ్యాను డ్రైవర్ని. ఆ రాడ్డుతోనే ఆమె తమ్ముడు థోంగిన్ తల పగిలింది.

కొట్టినవాడు ఖచోన్. రాజప్రాసాదం గోడ పక్కన కాపు కాసి, "ఇవాళ లోపల పూజలు, మూసేశారు" అని వచ్చినవాళ్ళను నమ్మించి రత్నాల కొట్టుకు తోలుకుపోయే ముఠాకు నాయకుడు, చీలిన చెవివాడు. రంచువన్ నోరు ఊరుకోదు. "తెరిచే ఉంది, వీడి మాట నమ్మకండి!" అని గోడ పొడుగునా అరిచేది. ఒకరోజు వాడు ఆమె మీదికి రాడ్డెత్తాడు. థోంగిన్ అడ్డం వచ్చాడు. మొదటి దెబ్బకే కూలిపోయాడు, కూలాక కూడా కొట్టాడా దరిద్రుడు. చూసినవాళ్ళు బోలెడుమంది, సాక్ష్యానికి ఒక్కడూ రాలేదు. ఖచోన్ రాడ్డు అక్కడే పారేసి మాయమయ్యాడు. రాడ్డు ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఆ వానాకాలమే థోంగిన్ సన్యాసం పుచ్చుకోవాలి. కొడుకు కొన్నాళ్ళైనా కాషాయం కడితే, ఆ చెంగు పట్టుకుని తల్లి స్వర్గానికి పోతుందని మా నమ్మకం. వాళ్ళమ్మ ఉవాన్ ముందే కొని దాచిన కాషాయాన్ని చివరికి శవం మీద కప్పారు.

కొన్ని వారాలకు ఒక గుంపును తీసుకుని ప్రాసాదం గోడ వెంట నడుస్తున్నాం. ఖచోన్ ముఠాలో ఒకడు పళ్ళికిలించాడు.

"ఏమక్కా, అడ్డం రావడానికి ఇంకో తమ్ముడున్నాడా?"

రాడ్డు వాడి మూతి మీద పడింది. పళ్ళు నేలరాలాయి. రంచువన్ జెండా గుడ్డతోనే రక్తం తుడిచి, గుంపు వైపు తిరిగింది.

"రండి, మరకత బుద్ధుడు లోపల. భుజాలు, మోకాళ్ళు కప్పుకోండి."

వాళ్ళు గబగబా కప్పుకున్నారు. ఆ తర్వాత శయనబుద్ధుడి గుడి, పడవలో ఏరు దాటి ఉషోదయ దేవాలయం. చివరికి కాలవ ఒడ్డున చిన్న గుడి. అక్కడ కాషాయం కట్టిన స్వాములు మంత్రజలం చల్లుతారు. గుమ్మంలోనే ఆమె జాగ్రత్తలు చెప్పింది.

"ఆడవాళ్ళు స్వాములను ముట్టుకోకూడదు. చేతికి చెయ్యి తగలనివ్వకండి. కాషాయం మీద చెయ్యి చేసుకుంటే ఏడు జన్మలూ నరకమే."

లోపల నీళ్ళు చల్లుతున్నవాడు ఖచోన్.

తలతోపాటు కనుబొమ్మలు కూడా గొరిగించుకున్నాడు గానీ ఆ చీలిన చెవిని ఎక్కడ దాచుకుంటాడు? రంచువన్ పిడికిలి రాడ్డు మీద బిగిసింది. కొట్టాలనే నేనూ కోరుకున్నాను. వాడు నీళ్ళు చల్లే చీపురుకట్ట పట్టుకుని కొయ్యలా ఉండిపోయాడు.

ఆమె రాడ్డు నేలమీద పెట్టి, మోకరిల్లి మూడుసార్లు మొక్కింది. వాడు ఆమె నెత్తిన నీళ్ళు చల్లాడు.

"కాషాయం ఎప్పుడు విప్పుతారు, స్వామీ?" అడిగింది నెమ్మదిగా.

"వానాకాలం దీక్ష అయ్యాక."

"గేటు దగ్గరుంటాను."

పక్కనున్న విదేశీయురాలు స్వామి ఏమన్నారని అడిగింది. "చల్లగా ఉండమన్నారు" అంది రంచువన్.

దీక్ష ముగిసిన రోజు జెండా విప్పేసి, ఉత్త రాడ్డుతో గేటు దగ్గర నిలబడింది. నేనూ పక్కనే ఉన్నాను. ఖచోన్ వచ్చాడు, కాషాయంతోనే. గేటు లోపలే కూలబడ్డాడు.

"నన్ను వదిలెయ్యక్కా!"

"మా అమ్మ పట్టుకోవాల్సిన చెంగురా అది. మోసేవాణ్ణి చంపేశావు, ఇక నువ్వే మొయ్యి. విప్పిన రోజు నీ తల మిగలదు."

వాడు లేచి లోపలికి పోయాడు. ఏళ్ళు గడిచాయి, ఇంకా బయటికి రాలేదు. ఇప్పుడు వాణ్ణి పెద్దస్వామి అంటున్నారు. గుంపులు వచ్చి ఆ శాంతాన్ని చూసి ముచ్చటపడతాయి, రంచువన్ వాడి బోధ అనువదిస్తుంది. తెల్లవారుజామున ఉవాన్ అవ్వ వాడి భిక్షాపాత్రలో అన్నం పెడుతుంది, ఎవరో తెలిసే పెడుతుంది. ఏటా దీక్ష ముగిసిన రోజు రంచువన్ గేటు దగ్గర పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడుతుంది.

"వాడు విప్పకూడదనే కదా అమ్మ కోరిక?" అని మొన్న అడిగాను.

"అమ్మ కోరిక అదే" అంది, కళ్ళు గేటు మీంచి తిప్పకుండా. "నేను మాత్రం విప్పాలనే మొక్కుకుంటున్నాను."