ఏడాదికో సంతకం

భవానీపురం హుమాయూన్ గారు తన ఫియట్ కారు అమ్మారంటే అమ్మారు, లేదంటే లేదు. తొంభై ఏడులో కంటికి ఆపరేషనయ్యాక, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. ఉయ్యూరులో ఎరువుల కొట్టు నడిపే జక్కయ్యకు బండి ఇచ్చేశారు. డబ్బు పుచ్చుకున్నారు, తాళాలిచ్చారు. పేరు మార్పు కాగితాల మీద మాత్రం సంతకం పెట్టలేదు.

"లైఫ్ టాక్సు కట్టేసిన బండి, దాని బెంగ లేదు. సి-బుక్కూ, ఇన్సూరెన్సూ నా పేరు మీదే ఉండనివ్వండి, తొందరేముంది? ఏటా ఆగస్టులో ఇన్సూరెన్సు కట్టేముందు బండేసుకుని రండి, సంతకం పెడతాను," అన్నారు.

రైల్వే పార్సిలాఫీసులో ముప్పయ్యేళ్లు కాగితాలతో కుస్తీ పట్టిన మనిషికి ఆ మాత్రం తెలియదా? డబ్బు కడితే ఇన్సూరెన్సు వాళ్లు రసీదిస్తారు, ఈయన సంతకం ఎవడిక్కావాలి! ఆయనకు కావలసింది వేరు. భార్య అక్తరున్నీసా పోయాక ఆ ఇంట్లో పలకరించే దిక్కు లేదు. పొద్దస్తమానం రేడియో ఒక్కటే మాట్లాడేది. కారులో ఎడమవైపు సీటు ఆవిడది. ఏడాదికొక్కసారైనా ఆ బండి గుమ్మం ముందు ఆగాలి, అందులోంచి ఎవరో ఒకరు దిగి "బాగున్నారా అండీ" అనాలి. అదీ ఆయన బాధ.

"వాళ్లు ఎవరినైనా గుద్దితే కోర్టు చుట్టూ తిరిగేది మీరేనండీ!" అని వీధిలో వాళ్లు మొత్తుకున్నారు. వింటేగా!

ఆగస్టు వచ్చిందంటే ఆయన హడావుడి చూడాలి. ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, స్వయంగా సేమ్యా పాయసం కాచేవారు. అది అడుగంటేది. జక్కయ్య పాపం మారు అడిగి మరీ తాగి, కాగితం ముందు పెట్టేవాడు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని సంతకం చేసి, తర్వాత వెళ్లి ఆ ఎడమ సీట్లో కాసేపు కూర్చునేవారు. చెప్పుకోవడానికి తనకే ఏడాది మాటలుండేవేమో, జక్కయ్య సంగతులు ఒక్కటీ అడిగిన పాపాన పోలేదు.

రెండువేల నాలుగు ఆగస్టులోనూ పాయసం కాచి ఉంచి, హారను వినిపించగానే పరుగున బయటికొచ్చారు. కారు అదే. దిగింది ఎవరో కొత్తాయన.

"నా పేరు తిరుపతిరావండి, గుడివాడ. బండి పేరు మార్చుకుందామని వచ్చాను."

"జక్కయ్య గారు రాలేదేం?"

"ఆయన పోయారండి, జూన్‌లో. గుండెపోటు."

హుమాయూన్ గారు తిరుపతిరావును అరుగు మీద కూర్చోబెట్టి, తానూ కూర్చున్నారు. "మరి బండి మీ దగ్గరికెలా వచ్చింది?"

"మూడేళ్ల కిందటే నాకు అమ్మేశారండి. ఏటా ఆగస్టులో ఒక పూట అడిగి పట్టుకొచ్చేవారు. ఆ సంతకం అక్కర్లేదట కదండీ అని ఓసారి అన్నాను. 'మొదటి ఏడాదే తెలిసిందయ్యా. ఆ మాట చెబితే పెద్దాయన పాయసం ఎవరికి కాస్తాడు?' అన్నారు."

హుమాయూన్ గారికి సిగ్గేసింది, దుఃఖం పొర్లుకొచ్చింది. ఏడేళ్లుగా పట్టిన పంతం ఎటు పోయిందో, అడిగిన ప్రతిచోటా గబగబా సంతకాలు పెట్టేశారు. తిరుపతిరావు దండం పెట్టి లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"బాబూ, జక్కయ్య గారి ఇల్లు తెలుసా మీకు?"

"తెలుసండి. పిల్లల్లేరు, ఆయన భార్య మణెమ్మ గారు ఒక్కరే ఉంటున్నారు."

పిల్లల్లేరన్న సంగతి ఇప్పుడు తెలిసిందాయనకు. లోపలికెళ్లి పాయసం క్యారేజీలో పోసుకుని, తలుపుకి తాళం వేసి వచ్చి, ఎడమవైపు సీట్లో కూర్చున్నారు.

"ఉయ్యూరు మీదుగా పోనివ్వండి," అన్నారు.