ఇరవయ్యో తూటా

1981 మార్చిలో నన్ను పెన్సిల్వేనియా కొండల మధ్య ఉన్న ఒక పంపుల ఫ్యాక్టరీలో జూనియర్ బయర్‌గా వేశారు. బయర్ అంటే ఫ్యాక్టరీకి కావలసిన సరుకు బయట వెతికి కొనిపెట్టేవాడు. జూనియర్ బయర్, బయర్, సీనియర్ బయర్, అందరి మీదా పర్చేజ్ మేనేజర్. మొదటి ఆరు నెలలూ ప్రొబేషన్. ఏ విభాగానికి ఏది కావాలన్నా రిక్విజిషన్ అనే పచ్చ కాగితం నింపి మాకు పంపాలి. దాని మీద సరుకు పేరు, వివరాలు, ఎప్పటికి కావాలో ఉండాలి. మేము కొటేషన్లు తెప్పించి, బేరమాడి, పర్చేజ్ ఆర్డర్ రాయాలి.

ఈ పనికి డిగ్రీ కన్నా పెద్ద అర్హత నా దగ్గర ఉందని నా నమ్మకం. మాది తెనాలిలో బియ్యం కొట్టు. పెదనాన్నది పక్కనే బట్టల కొట్టు, మేనమామది ఎదురుగా ఇత్తడి సామాన్ల కొట్టు. నచ్చిన వస్తువు వైపు చూడకూడదని, నచ్చనిదాన్ని చేతిలోకి తీసుకుని ధర అడగాలని, రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావాలని నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నడక వచ్చినట్టే అదీ వచ్చింది.

ఏప్రిల్ చివర నా బల్ల మీదకి వచ్చిన ఒక పచ్చ కాగితంలో ‘వెయ్యి గజాల పోటీకి రైఫిల్ ఒకటి, తగిన తూటాలు’ అని మాత్రం ఉంది. వివరాల గడి ఖాళీ. ఫ్యాక్టరీ ఉద్యోగులకి ఒక రైఫిల్ క్లబ్బు ఉండేది. బౌలింగ్ జట్టుకి బూట్లు కొన్నట్టే ఆ క్లబ్బు సామాను కూడా మా విభాగమే కొనేది. ఆ ప్రాంతంలో అది వింత కాదు. జింకల వేట మొదలయ్యే రోజున సగం ఫ్యాక్టరీ సెలవు పెట్టేది.

కాగితం మీద సంతకం డోరిస్‌ది. ఆమె గేజ్ రూంలో పనిచేసేది. ఇతర కార్మికులు వాడే కొలత పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో కొలిచి చూసే గది అది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, సన్నగా ఉండేది. మూడు వందల గజాల దగ్గర క్లబ్బులో ఆమెను మించినవాళ్లు లేరు. వెయ్యి గజాల జట్టులో మాత్రం ఎప్పుడూ చోటు దొరకలేదు. పదకొండేళ్లుగా ఆమెను పిట్స్‌లో ఉంచారు. పిట్స్ అంటే టార్గెట్ల కింద, మట్టి కట్ట చాటున ఉండే గుంత. ప్రతి దెబ్బకీ టార్గెట్ కిందికి లాగి, రంధ్రం ఎక్కడ పడిందో చూపే తెల్లటి బిళ్ల గుచ్చి, పాత రంధ్రానికి కాగితం అంటించి, మళ్లీ పైకి ఎత్తాలి.

ఆ ఏడు ఒక చోటు ఖాళీ అయింది. క్లబ్బు ప్రెసిడెంటు, ఫౌండ్రీ ఫోర్‌మన్ కార్ల్, ఒక షరతు పెట్టాడు. ఆగస్టు ప్రాక్టీసులో ఇరవై దెబ్బలకి రెండు వందల్లో నూట ఎనభై పాయింట్లు తెస్తే సెప్టెంబరు పోటీలో డోరిస్ ఉంటుంది. లేదంటే ఆ చోటు కార్ల్‌ది.

వివరాలు అడగడానికి గేజ్ రూంకి వెళ్లాను. డోరిస్ చెప్పింది ఓపిగ్గా విన్నాను, లేదా విన్నాననుకున్నాను. రైఫిల్‌ని తూటాని బట్టి ఎంచుకోవాలి, చూడవలసిన తూటా రకాలు మూడు. మొదటిది త్రీ-నాట్-ఎయిట్: మెత్తగా పేలుతుంది, భుజానికి హాయి, కానీ వెయ్యి గజాలు చేరేసరికి బుల్లెట్ అలసిపోయి ధ్వని వేగానికి దిగి తూలుతుంది. మూడోది త్రీ హండ్రెడ్ మాగ్నమ్: ఇత్తడి తొడుగు పెద్దది, తుపాకి మందు ఎక్కువ, గాలికి తక్కువగా కొట్టుకుపోతుంది, కానీ వెనక్కి తన్నే తన్ను గట్టిది, తుపాకి గొట్టం త్వరగా అరుగుతుంది. రెంటికీ మధ్యది థర్టీ-ఆట్-సిక్స్, పాతకాలపుది. బరువైన బుల్లెట్ పెడితే వెయ్యి గజాల దాకా నిలబడుతుంది.

“మీకు ఏది కావాలి?” అని అడిగాను.

“పట్టుకుని చూస్తే గానీ చెప్పలేను రావ్,” అంది.

నాకు పట్టుకుని చూడనక్కర లేదనిపించింది. బుల్లెట్ ఏ దూరంలో ఎంత పడిపోతుందో, గాలికి ఎంత జరుగుతుందో చెప్పే పట్టికలు ఇంటికి తీసుకెళ్లి చదివాను. కాగితం మీద మాగ్నమ్ అన్ని గడుల్లోనూ గెలిచింది.

డోరిస్‌ని వెంటబెట్టుకుని రైఫిళ్ల కొట్టుకి వెళ్లాను. అది వాల్ట్ అనే ముసలాయనది. లైసెన్సున్న డీలరు, తుపాకులు బాగుచేసే పనివాడు కూడా. పశువుల దాణా అమ్మే దుకాణం వెనక గదిలో ఉండేవాడు. గోడకి ఆనించి ఉన్న వరసలో ఒక మాగ్నమ్ రైఫిల్‌కి చిన్న టార్గెట్ కాగితం దారంతో కట్టి ఉంది. నూరు గజాల నుంచి కొట్టిన మూడు రంధ్రాలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఒక పావు డాలరు నాణెం పెడితే మూడూ కనపడకుండా పోతాయి. నేను వెంటనే చూపు తిప్పుకుని పక్కనున్న షాట్‌గన్ గురించి అడగడం మొదలుపెట్టాను.

డోరిస్ మూలనున్న ఒక థర్టీ-ఆట్-సిక్స్ తీసి, నేల మీద బోర్లా పడుకుని భుజానికి ఆనించింది. చెక్క మీద పొడుగ్గా గీత పడిన తుపాకి అది. చాలాసేపు అలాగే ఉంది. లేచి, “ఇది నాతో పోట్లాడటం లేదు,” అంది. అమెరికాలో మర్యాదస్తులు ఖరీదైనది అడగరని, గీత పడినదానితో సరిపెట్టుకుంటోందని నేను అర్థం చేసుకున్నాను.

ఆ తర్వాత రెండు గంటల సేపు నా వంశం పేరు నిలబెట్టాను. గుమ్మం దాకా వెళ్లాను. వాల్ట్ పిలవలేదు. వర్షం వస్తుందేమో చూడడానికి వెళ్లినట్టు నటించి నేనే వెనక్కి వచ్చాను. చివరికి మాగ్నమ్ రైఫిల్‌తో పాటు తోలు పట్టీ, పెట్టె, గొట్టం తుడిచే కడ్డీ, రెండు వందల ఇత్తడి తొడుగులు ఊరికే వచ్చేలా చేసుకున్నాను. తుపాకి కొనేవాళ్లు ప్రభుత్వానికి నింపి ఇవ్వాల్సిన ఫెడరల్ ఫారం డోరిస్ పేరున నింపాం. కార్‌లో ఆమె కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. నేను ఈల వేశాను.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున ఆ రైఫిల్ మొదటిసారి వెయ్యి గజాలు చూసింది. ఆ లోయ నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. రెండు పచ్చటి గుట్టల నడుమ గడ్డి నేల దూరంగా జారుకుంటూ పోయి, చివర తపాలా బిళ్లల్లా టార్గెట్లు. ఎండ ఎక్కేకొద్దీ నేల మీద గాలి నీళ్లలా పారేది. దుర్భిణీలో చూస్తే టార్గెట్లు ఏటి అడుగున ఉన్నట్టు మెల్లగా ఊగేవి. ఆ ప్రవాహం ఎటు పారుతుందో చూసి గాలి ఎటు వీస్తోందో చెబుతారు. డోరిస్ వెనక కూర్చుని చూస్తుంటే తూటా దారి కూడా కనిపించింది. గాలిలో ఒక గాజు గీత లేచి, వంగి, ఎక్కడికో వెళ్లి కరిగిపోయింది. ఒకటిన్నర సెకను.

మొదటి మూడు దెబ్బలూ నడిమధ్య వలయంలో పడ్డాయి. తెల్ల బిళ్ల పైకి వచ్చిన ప్రతిసారీ నేను వాల్ట్‌ని ఓడించిన సంగతి తలుచుకున్నాను. ఐదో దెబ్బ పైకి వెళ్లింది. గొట్టం వేడెక్కుతోంది. ఎనిమిదో దెబ్బ దగ్గర ట్రిగ్గర్ నొక్కే ముందే ఆమె భుజం బిగుసుకోవడం నాకు కనిపించింది. తన్ను వస్తుందని ఒంటికి తెలిసిపోయింది. పన్నెండోది టార్గెట్‌కే తగల్లేదు. పద్నాలుగు దగ్గర ఆమె రైఫిల్ పక్కన పెట్టి, కాలరు కొద్దిగా జరిపి చూసుకుంది. భుజం మీద నేరేడుపండు రంగు.

“రావ్, మొదటి మూడు చాలా బాగున్నాయి,” అంది. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చి మా ఆవిడ సరళకి జరిగింది చెప్పాను. ఆమె కౌంటర్ దగ్గర నిలబడి కూరగాయలు సర్దుతోంది.

“ఏమండీ, ఆ కాగితం మీద ఎన్ని చిల్లులున్నాయి?”

“మూడు.”

“ఆవిడ పోటీలో కొట్టాల్సినవి?”

“ఇరవై.”

“గ్రోసరీ స్టోర్‌లో మేనేజర్ చూస్తుండగా ఒక్కో బెండకాయ చివర విరిచి చెక్ చేస్తారు. నేను సిగ్గుతో ఇంకో లైన్‌లో నిలబడతాను. తుపాకి మాత్రం వాళ్లు కట్టిన కాగితం చూసి కొనేశారా?”

“ఫ్రీగా చాలా ఇచ్చాడు.”

“ఇస్తాడు. నేనైనా ఇస్తాను.”

మా కొట్టు కళ్ల ముందు కదిలింది. బస్తా మూతి దగ్గర రెండు దోసిళ్లు పాత సన్నబియ్యం పోసి చదును చేయడం సెలవు రోజుల్లో నా పని. తెలిసిన కొనుగోలుదారు ఆ మూతి దగ్గర చెయ్యి పెట్టడు. మొన తేలిన ఇనుప గొట్టం బస్తా పొట్టలో గుచ్చి, లోపలి బియ్యం అరచేతిలోకి రాల్చుకుని చూస్తాడు. గొట్టం తెచ్చుకునేవాళ్లకి మా నాన్న కుర్చీ వేసేవాడు కాదు. అంత బాగా తెలిసిన విద్యకి, తెనాలికి సగం భూగోళం అవతల, నేనే బోల్తా పడ్డాను.

మర్నాడు రైఫిల్, పెట్టె, పట్టీ, కడ్డీ అన్నీ పట్టుకుని డోరిస్‌తో వాల్ట్ దగ్గరికి వెళ్లాను.

“మూడు రంధ్రాల కాగితం కట్టారు. నాలుగోది ఎక్కడికి పోతుందో చెప్పలేదు,” అన్నాను.

వాల్ట్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “నువ్వు అడగలేదు. రెండు గంటలు పెట్టె గురించి, పట్టీ గురించి మాట్లాడావు. రైఫిల్ గురించి ఎప్పుడు అడుగుతావా అని నేనూ చూశాను.”

“ఆ మూలదానితో ఇరవై కొట్టి చూడనిస్తారా?”

“ఇస్తాను. నచ్చితే మార్చుకో. కానీ నా సామాను నాకు వచ్చేయాలి.”

“పట్టీ ఉంచుకుంటాం.”

“పట్టీ కూడా.”

గుమ్మం వైపు చూశాను. వెళ్లలేదు.

వెనక పొలంలో నూరు గజాల దూరాన కాగితం పెట్టాం. డోరిస్ బోర్లా పడుకుని, పోటీలో లాగే, ఆగకుండా ఇరవై కొట్టింది. నేను రైఫిల్ వైపు చూడకుండా ఆమె భుజం వైపే చూశాను. ఇరవయ్యోసారి కూడా అది మొదటిసారి లాగే ఉంది. కాగితం తెచ్చి చూస్తే రంధ్రాల గుంపు మాగ్నమ్ మూడు రంధ్రాల కన్నా బాగా పెద్దది. కానీ బయటికి పారిపోయినది ఒక్కటీ లేదు. గేజ్ రూం మనిషి కదా, డోరిస్ స్కేలు తీసి మధ్య నుంచి అన్నిటికన్నా దూరంగా పడ్డ రంధ్రాన్ని కొలిచింది. దగ్గరగా పడ్డవాటి జోలికి పోలేదు. “దీనితో బతకగలను,” అంది.

ఆఫీస్‌లో ఇంకో తంతు మిగిలింది. సరుకు మార్చినప్పుడు నింపే ఫారంలో కారణానికి మూడు గడులుంటాయి: అమ్మకందారు లోపం, రవాణాలో నష్టం, బయర్ పొరపాటు. మూడో గడిలో గుర్తు పెట్టినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడు పెట్టడం మేనేజర్ కూడా చూడలేదట. కాగితం రెండుసార్లు చదివి, తల ఎత్తి నన్నొకసారి చూసి, సంతకం చేశాడు.

జులై అంతా తూటాల పని. పోటీ తూటాలు ఎవరికి వారే తయారు చేసుకుంటారు. మందు బరువు కొద్దికొద్దిగా మార్చి మూడు రకాలు చేసి, ఒక్కోటీ ఇరవై చొప్పున కొట్టి చూశాం. ఒక రకం అన్నిటికన్నా వేగంగా పోయింది. డోరిస్ దాన్ని వద్దని, ఇరవై తూటాలూ ఒకే వేగంతో పోయే నిదానపు రకాన్ని ఉంచింది. వెయ్యి గజాల దగ్గర వేగంలో చిన్న తేడా వచ్చినా బుల్లెట్ ఎత్తులో జానెడు తేడా వస్తుంది. ఈసారి నేను పట్టికలు బయటికి తీయలేదు.

ఆగస్టు ప్రాక్టీసు రోజున పిట్స్‌లో మనిషి తక్కువయ్యాడు. పదకొండేళ్లు అక్కడ ఉన్న మనిషి పైన ఫైరింగ్ లైన్ మీద ఉంది మరి. నేను దిగాను. ఆ గుంతలో కాలం వేరుగా నడిచేది. ముందు నెత్తి మీద టప్పుమని బుల్లెట్ శబ్దం, టార్గెట్ కాగితం వణకడం. ఒక సెకను గడిచాక, దూరంగా ఎవరో తలుపు మూసినట్టు తుపాకి మోత. ఆ సెకను సేపు, ఇంకా పేలని తుపాకి తూటా కాగితంలోంచి వెళ్లిపోయి ఉండేది. రంధ్రంలోంచి చూస్తే చిన్న గుండ్రటి ఆకాశం. దానికి నేను జిగురు కాగితం అంటించి, తెల్ల బిళ్ల కొత్త రంధ్రానికి మార్చి, తాడు లాగి టార్గెట్‌ని మళ్లీ వెలుగులోకి పంపేవాణ్ణి. తూనీగలు మట్టి కట్ట మీద వాలి లేస్తున్నాయి.

పక్కన కార్ల్ తానే పుస్తకం పట్టుకుని పాయింట్లు రాస్తున్నాడు. పంతొమ్మిది అయ్యేసరికి నూట డెబ్బై మూడు. ఇంకా ఏడు కావాలి.

“నిన్న దీని మీద కాఫీ పందెం కాశాను,” అన్నాడు కార్ల్.

“ఎవరి వైపు?”

అతను పుస్తకంలోకి వంగాడు. ఇరవయ్యో తూటా చాలాసేపు రాలేదు. గాలి తగ్గేదాకా ఆగుతోందని అర్థమైంది. తర్వాత టప్పుమంది, కాగితం వణికింది, దూరంగా తలుపు మూసుకుంది. తాడు లాగాను. మధ్య వలయానికి వేలెడు పక్కన తొమ్మిది. కార్ల్ దగ్గరికి వచ్చి వంగి చూసి, పెన్సిల్ చెవి వెనక్కి దోపుకున్నాడు.

“నూట ఎనభై రెండు. మంచి రైఫిల్ కొన్నావు,” అన్నాడు.

“నేను కొన్నది వేరేది. వెనక్కి ఇచ్చేశాను,” అన్నాను.

సెప్టెంబరు పోటీలో డోరిస్ జట్టుతో వెళ్లి ఆరో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత ఐదేళ్లు ఆ చోటు ఆమెదే, ఆ గీత పడిన రైఫిలే. నా ప్రొబేషన్ సమయానికి ముగిసింది. వాల్ట్ ఆ పట్టీ మాత్రం ఇవ్వలేదు.

నేను సీనియర్ బయర్‌గా రిటైరయ్యాను. పంపులకి బేరింగులు, వాల్వులు, రబ్బరు సీళ్లు కొన్నన్నాళ్లూ అమ్మకందారు చేతికిచ్చిన మొదటి నమూనాని చూసి పక్కన పెట్టాను. మిషన్ ఆగకుండా నడిపించి, వరసలో ఇరవయ్యోది తీసి కొలిపించాను. అంతకుముందు ఆ వస్తువు వాడబోయే మనిషి చేతికి దాన్ని ఇచ్చి, ఆ మనిషి ఏమన్నాడో రిక్విజిషన్ మీద వివరాల గడిలో రాయించాను. బేరం ఆ రెండూ అయ్యాకే మొదలుపెట్టాను.