వకీలమ్మ నిలబడే చోటు

మా సీనియర్ వకీలమ్మ ఇక లేరని బూర్గంపాడు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను కోర్టు వరండాలో ఉన్నాను. పోడు భూమి గొడవలో పోలీసులు పట్టుకెళ్ళిన ఒక రైతును మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. అతని భార్య పొద్దుటి నుంచి నా చెయ్యి వదల్లేదు. ఆమె ముందు నేనెట్లా ఏడుస్తాను?

అరెస్టయిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో కోర్టుకు తేవాలని చట్టం. భయంలో ఎవరికీ పట్టుకెళ్ళిన తేదీ, టైమూ గుర్తుండవు. వకీలమ్మ అవి అడిగేవారే కాదు. "ఇంట్ల ఆఖరి బువ్వ ఎప్పుడు తిన్నవ్ బిడ్డా? ఏం కూర?" అనేవారు. కూర గుర్తొస్తే పూట గుర్తొచ్చేది.

ఆమె దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. "పోలీసులు కొట్టారా?" అని జడ్జిగారు అడగ్గానే వెనక్కి, తెచ్చినవాళ్ళ వైపు చూసి "లేద్సార్" అనేవాళ్ళే ఎక్కువ. మళ్ళీ వాళ్ళ వెంటే పోవాలి కదా. అందుకని ఆమె ఆ మనిషికీ పోలీసులకూ సరిగ్గా మధ్యలో నిలబడేవారు, వాళ్ళెవరూ అతనికి కనబడకుండా. భారీ మనిషి. "ఊకెనే లావైననా? గిట్ల పనికొస్తదనే," అని నవ్వేవారు. నేను పుల్లలా ఉంటానని ఆమెకు బెంగ.

జడ్జిగారు పట్టించుకుంటారా అని ఒకసారి అడిగాను. "కోర్టుకు చెవులున్నయ్ గని కాళ్ళు లేవు పిల్లా. అది ఊళ్ళకు రాదు. మనమే పోయి ఇనిపియ్యాలె," అన్నారు.

ఆ మధ్యాహ్నం రైతు కుంటుతూ వచ్చాడు. కాగితాల్లో నిన్న సాయంత్రం అరెస్టని ఉంది. అతని దగ్గరికి వెళ్ళాను.

"ఇంట్ల ఆఖరి బువ్వ ఎప్పుడు తిన్నవ్ అన్నా?"

"ఆదివారం పొద్దుగాల. చింతచిగురు పప్పు."

ఆ రోజు బుధవారం. ఆ మాట జడ్జిగారికి విన్నవించాను. ఆయన రాసుకుని, తల ఎత్తి, అసలు ప్రశ్న అడిగారు: "పోలీసులు కొట్టారా?"

రైతు వెనక్కి తిరిగాడు. మధ్యలో నేనే ఉన్నాను, కానీ నేనేపాటి అడ్డం? నడుం మీద చేతులు పెట్టుకుని మోచేతులు చాచాను. నల్లకోటు విచ్చుకుంది. నా వెనక ఎవరో దగ్గారు. నేను తిరగలేదు.

"అటు, సార్ దిక్కు సూడన్నా," అన్నాను.

అతను చాలాసేపు నా కోటునే చూశాడు. తర్వాత మెల్లగా ముందుకు తిరిగి, వంగి, కుంటుతున్న కాలి మీది ప్యాంటు పైకి లాగడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. చేతులు మాత్రం దించలేదు.