వంక పాసైంది

పొద్దున కొత్త చీర బకెట్లో నానబెట్టాను. నీళ్లలోకి దిగిన ఎర్రరంగు వాసనకు అప్పటినుంచీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

చిన్నప్పుడు పుత్తూరు దగ్గర మా ఊరి వంకలోకి, నూలుకు రంగేసే షెడ్డు నుంచి ఇదే వాసనతో నీళ్లు వచ్చి కలిసేవి. చేపలు వెల్లకిలా తేలుతుంటే నాయన అర్జీ పెట్టాడు. ఒకరోజు ఆఫీసరు వచ్చి వంకనీళ్లు సీసాలో పట్టాడు. దాన్ని మా తిన్నె మీద పెట్టి, మజ్జిగ తాగడానికి లోపలికి వెళ్లాడు.

“ఆ నీళ్లు ఏంటికి నాయనా?” అన్నాను.

“వంకకు పరీక్ష, పాపా,” అన్నాడు నాయన.

ఆ వారమే నేను లెక్కల పరీక్ష తప్పి, అయ్యవారితో తొడపాశం పెట్టించుకున్నాను. వంకకు ఆ గతి పట్టకూడదనుకున్నాను. ఎవరూ చూడకుండా సీసా వంపేసి, బిందెలోని బావినీళ్లు నింపాను. జాబు వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు.

“నీళ్లు బాగుండాయంట,” అన్నాడు నాయన, కాగితం రెండోసారి చదువుతూ. “మరి చేపలేంటికి సస్తా ఉండాయి?”

“వంక పాసైంది!” అంటూ నేను వాకిట్లో గంతులేశాను.

నాయన మళ్లీ అర్జీ పెట్టలేదు. మరుసటి ఏడు తేలడానికి వంకలో చేపలే లేవు.

సాయంత్రమైంది. బకెట్లో ఎర్రనీళ్లు అట్లాగే ఉన్నాయి. పారబోయడానికి చేతులు రావడం లేదు.