యూసుఫ్ గారి వ్యాను మీద సైకిలు

ఏలూరు పవర్‌పేటలో యూసుఫ్ గారి తెల్ల మారుతీ వ్యాను తెలియనివాళ్ళు తక్కువ. పెళ్ళివారినీ, ఆసుపత్రికి వెళ్ళేవారినీ, ద్వారకాతిరుమల మొక్కులవాళ్ళనీ తిప్పేవారు. బండి మీద చిన్న గీత పడినా ఆ పూట అన్నం సయించేది కాదాయనకి.

అంతకంటే ప్రాణం కూతురు అర్షియా. ఒక్కతే పిల్ల. స్కూల్లో ఆటల మాస్టారు ఏసోబు గారు ఆ పిల్ల కాళ్ళలోని బలం చూసి సైకిలు పోటీల్లోకి దింపారు. బెజవాడలో ఎవరో పాత ఆటగాడి దగ్గర రేసు సైకిలు కూడా ఆయనే చూసిపెట్టారు. ఇక రోజూ తెల్లారకుండానే కైకలూరు రోడ్డు మీద అర్షియా ముందు, వెనకాల లైట్లు వేసుకుని యూసుఫ్ గారి వ్యాను. చేపల లారీల నుంచి కారిన నీళ్ళతో రోడ్డు జారుతుండేది. కొల్లేరు మీద మంచు తెర విడుతుంటే ఆ పిల్ల వెనక్కి తిరిగి నవ్వేది. ఆ నవ్వు కోసమే ఆయన నిద్ర మానుకునేవారు.

రెండువేల నాలుగులో, అర్షియా పదో తరగతిలో ఉండగా, రాజమండ్రిలో రాష్ట్ర జట్టు ఎంపిక పెట్టారు. ఆ వయసు పిల్లల జట్టులో ఆడటానికి తనకదే ఆఖరి ఏడాది.

సైకిలు ఎలా తీసుకెళ్ళాలన్నది ప్రశ్న అయింది. వ్యాను లోపల పెడదామంటే మాస్టారూ, తల్లి జులేఖా, పోటీ చూస్తామని సరదాపడ్డ ఇద్దరు స్నేహితురాళ్ళూ ఉన్నారు. వెనకాల తగిలిస్తే లైట్లు, నంబరు ప్లేటు కనబడవు, సామాన్ల తలుపు తెరుచుకోదు. యూసుఫ్ గారు వెల్డింగు సత్తిబాబుని అడిగారు.

"టాపు మీదే పెట్టుకోండి, కానీ పడుకోబెట్టకండి," అన్నాడు సత్తిబాబు. "సైకిలు నిలబెట్టి, ముందు చక్రం విప్పి, ఫోర్కుని బోల్టుతో బిగించేలా కేరియర్ చేస్తాను. ఇక కదలదండి. బండి ఒక రోజు నా దగ్గర వదలాలి. అంచుల్లో క్లాంపులు పడ్డచోట కాస్త పెయింటు పోతుంది మరి."

పెయింటు అనేసరికి యూసుఫ్ గారి మనసొప్పలేదు. పైగా మర్నాడు గణపవరం పెళ్ళివారికి బండి మాటిచ్చారు.

"ఈసారికి తాళ్ళతో కట్టేసుకుంటాలే సత్తిబాబూ. వచ్చి చేయించుకుంటాను."

బయల్దేరే రోజు పొద్దున్న టాపు మీద పాత దుప్పటి పరిచి, సైకిల్ని పడుకోబెట్టి, తాడుతోనూ పాత ట్యూబు ముక్కలతోనూ కట్టారు. అర్షియా పట్టి చూసి, "కొంచెం ఊగుతోంది నాన్నా," అంది.

"నేనున్నాను కదమ్మా, ఎక్కు."

గుండుగొలను దాటగానే ఒక లారీ హారన్ కొడుతూ పక్క నుంచి దూసుకుపోయింది. ఆ గాలికి వ్యాను ఊగింది. నెత్తిమీద ఏదో బరబరా జరిగిన చప్పుడు. అద్దంలో చూసేసరికి సైకిలు రోడ్డు మీద ఉంది. వెనక వస్తున్న ఇంకో లారీవాడు బ్రేకు వేశాడు గానీ బండి ఆగలేదు.

అందరికంటే ముందు దిగింది అర్షియా. ఏడవలేదు. మడత పడిపోయిన సైకిలు దగ్గర కూర్చుని, హ్యాండిలు మీద దుమ్ము చేత్తో తుడిచింది. యూసుఫ్ గారు రోడ్డు పక్కన నిలబడిపోయారు. ఇద్దర్ని బస్సులో రమ్మన్నా సైకిలు లోపల పట్టేదే, ఆ మాట అప్పుడు తట్టింది ఆయనకి.

"అక్కడ ఎవరిదైనా అడిగి తీసుకుందామండీ, పదండి," అన్నారు ఏసోబు మాస్టారు.

అడిగితే, పెద్దపిల్లల పోటీకి వచ్చిన కాకినాడ పిల్ల ఒకతె తన సైకిలు ఇచ్చింది. అది అర్షియాకి పెద్దదయింది. కాళ్ళు పూర్తిగా అందక, పక్కకి ఒరుగుతూ తొక్కి, చివరి గుంపులో వచ్చింది. దిగి, ఆ సైకిల్ని గుడ్డతో తుడిచి, థాంక్స్ చెప్పి ఇచ్చేసింది. తిరుగుదారంతా కళ్ళు మూసుకునే ఉంది. నిద్ర కాదని అందరికీ తెలుసు.

ఇంటికొచ్చాక కూడా తండ్రిని ఒక్క మాట అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, అన్నం తినేది, బడికి వెళ్ళేది.

"ఒక్కసారి తిట్టినా బాగుండును జులేఖా," అన్నారు యూసుఫ్ గారు.

"తిడితే మీకు తేలికవుతుందండీ. దానికి అది తెలిసినట్టే ఉంది," అంది ఆవిడ. అని తనే ఏడ్చింది.

ఆ వారంలోనే సత్తిబాబు చెప్పినట్టు కేరియర్ చేయించారు. పెయింటు లేచిపోయిన అంచుల్ని మళ్ళీ చూసుకోలేదు. అర్షియాని బయటికి పిలిచి చూపిస్తే, బోల్టు పట్టుకుని లాగి చూసింది.

"గట్టిగా ఉంది నాన్నా," అని లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటేడు మాస్టారు ఇంకో సైకిలు తెస్తానన్నారు. వద్దంది. పొద్దున్నే లేవడం మానేసింది. ఇంటరు చదివి, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, తాడేపల్లిగూడెంలో ఒక నర్సింగ్‌హోములో చేరింది.

ఆ కేరియర్ మీద వేరే పిల్లల సైకిళ్ళు ఎక్కాయి. ఏసోబు మాస్టారి జట్టు ఎక్కడికి వెళ్ళినా యూసుఫ్ గారి వ్యానే. ఎవరైనా మెచ్చుకుంటే ఆయన ముఖం పక్కకి తిప్పుకునేవారు.

రెండువేల ఎనిమిదిలో ఒకసారి జట్టుని తణుకు తీసుకెళ్తున్నారు. ఆ పూట డ్యూటీకి వెళ్ళే రైలు తప్పిపోవడంతో అర్షియా కూడా వ్యానులోనే ముందు సీట్లో కూర్చుంది. వెనక పిల్లలు కబుర్లలో ఉన్నారు. చాలాసేపటికి యూసుఫ్ గారు రోడ్డు మీంచి చూపు మరల్చకుండా అడిగారు.

"నా మీద కోపమా అమ్మా?"

"లేదు నాన్నా." తల తిప్పి వెనక పిల్లల వంక చూసింది. "కానీ ఆ రోజు నేను గెలిచేదాన్నే."

నాలుగేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూశారాయన. విన్నాక తేలిక పడలేదు.

"గెలిచేదానివేనమ్మా," అన్నారు.

నర్సింగ్‌హోము ముందు దిగి, తలుపు నెమ్మదిగా వేసి, "జాగ్రత్తగా వెళ్ళు నాన్నా," అని అర్షియా గేటు లోపలికి నడిచింది. ఆయన బండి కదపలేకపోయారు. పోటీకి ఆలస్యమవుతోందని పిల్లలు వెనక నుంచి పిలిచేదాకా, మూసుకున్న ఆ గేటు వంకే చూస్తూ కూర్చున్నారు.